పొగగొట్టం ఎవరి గోడలోంచి

"మీ అన్నయ్యనడుగు, ఇంకాస్త వడ్డించనా అని" అంది వదిన.

"చాలని చెప్పు మీ వదినకి" అన్నాడు అన్నయ్య.

వాళ్ళిద్దరి మోచేతుల మధ్య జానెడు దూరం కూడా లేదు. అయినా మాట అటునుంచి ఇటు రావాలంటే ఈ చివర కూర్చున్న నా మీదుగా తిరిగి రావలసిందే.

"చాలట వదినా."

"వినపడింది."

"వినపడిందట అన్నయ్యా."

"నాకూ చెవులున్నాయి."

అమ్మ కంచంలోంచి తలెత్తకుండానే, "జీతం బత్తెం లేకుండా దాన్ని తపాలా బంట్రోతుని చేశారు" అంది.

ఎవరూ నవ్వలేదు. ఈ ఇంట్లో నవ్వుకి ఎప్పుడూ కరువు లేదు. అందుకేనేమో, అది లేని చోటు గోడ మీద పటం తీసేసిన చోటులా తెల్లగా కనిపిస్తోంది.

కంచాలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం. భోజనాల బల్ల నిండా నేను చేసిన అట్ట నమూనా ఉంది. మా మూల స్థలం, రెండు వైపులా వీధి, ఎదురుగా టైర్ల కొట్టు, అగ్గిపుల్లలతో నిలబెట్టిన బస్సు షెల్టరు. ఇప్పుడు మేం కూర్చుని తింటున్న ఈ పాత మేడ మాత్రం అందులో లేదు. దాన్ని పడగొట్టి కట్టబోయేది పెట్టెల మీద పెట్టెలుగా లేచింది. అడుగున పసుపుపచ్చది అన్నయ్య బేకరీ. దాని మీద నీలం, వదిన పళ్ళ క్లినిక్. ఆ పైన బూడిదరంగుది ఎవరి ఆఫీసుకైనా అద్దెకిచ్చేది. కొసన ఉన్న తెల్లవి మా ఇళ్ళు. వీటన్నిటినీ అడుగునుంచి కొసదాకా గుచ్చుకుంటూ ఒక ఎర్ర పెన్సిలు. అది బేకరీ పొయ్యికి పొగగొట్టం.

మొదట్లో అందరికీ ముద్దొచ్చింది. "కింద తీపి అమ్ముతాడు కొడుకు, పైన పళ్ళు పీకుతుంది కోడలు. మెట్లుంటే చాలు, గిరాకీ దానంతటదే పైకెక్కుతుంది" అని అమ్మ ఇంటికొచ్చినవాళ్ళందరికీ చూపించింది. అన్నయ్య ఉప్పుడబ్బా తెచ్చి బేకరీ ముందు నిలబెట్టి, "ఇదిగో, మొదటి గిరాకీ" అన్నాడు. వదిన దాన్ని ఎత్తి నీలంపెట్టె ముందుకొచ్చిన అంచు మీద పెట్టి, "ఇప్పుడు నా పేషెంటు" అంది.

ఉప్పుడబ్బా ఇంకా నీలంపెట్టె మీదే ఉంది. ఉప్పు కావాలన్నా నన్నే అడుగుతున్నారు.

వదిన చెయ్యి కడుక్కుని వచ్చి, నా కుర్చీ వీపు మీద చేతులానించి నిలబడింది.

"సాయంత్రం నా అద్దె క్లినిక్ ఇంటాయన ఫోను చేస్తాడు. ఇంకో ఐదేళ్ళు ఉంటారా, లేక మీ బిల్డింగు లేచాక ఖాళీ చేస్తారా, ఇవాళ తేల్చి చెప్పమన్నాడు. ఐదేళ్ళు ఉంటానని చెప్పేస్తాను."

అన్నయ్య చెయ్యి కంచంలో ఆగింది.

"మరి ఈ నీలంపెట్టె ఎవరికమ్మాయ్?" అంది అమ్మ.

"ఎవరికైనా అద్దెకిద్దాం అత్తయ్యా. ఆ క్లినిక్ పక్కసందులో ఫ్లాటు కూడా ఒకటి ఖాళీగా ఉందట. చూడమన్నాడు."

ఆ ఫ్లాటు ఎందరికి అని ఎవరూ అడగలేదు. అడగకపోవడంలోనే అందరికీ తెలిసిపోయింది.

అమ్మ కంచం కింద పెట్టింది. "ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే పిల్లాడి పేరు దగ్గర తగువు! స్థలం నా పేరు మీదుంది. మీ ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చేదాకా ఈ మేడ మీద గునపం పడనివ్వను. వచ్చారా, సరే. రాలేదా, ఈ అట్టముక్కలు చలికాలంలో పొయ్యిలోకి పనికొస్తాయి."

అన్నయ్య లేచి కిందనున్న బేకరీలోకి వెళ్ళిపోయాడు. వదిన గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంది. చప్పుడు కాకుండా మూసింది. గట్టిగా వేసినా బావుండేదనిపించింది నాకు.

దీనంతటికీ కారణం నేను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, నా పని పద్ధతి.

గదుల పేర్లతో మొదలుపెట్టే అలవాటు నాకు లేదు. హాలు, వంటిల్లు, పడకగది అని ముందే పేర్లు పెట్టేస్తే, గీసే చెయ్యి తను పెరిగిన ఇంటినే మళ్ళీ గీస్తుంది. నేను ముందు మనుషుల వెంట తిరుగుతాను. ఎవరు తాళంచెవి ఎక్కడ పడేస్తారు, ఫోను మాట్లాడుతూ ఎటు నడుస్తారు, ఏ కుర్చీలో కూర్చుంటే లేవబుద్ధి కాదు, చూస్తాను. ఆ తర్వాతే పల్చటి ట్రేసింగు కాగితం మీద గుండ్రాలు గీస్తాను. గుండ్రంలో పేరు రాయను. వేళ రాస్తాను.

ఈ మేడకి నాకు దొరికిన ఆలోచన కూడా వేళల్లోంచే వచ్చింది. బేకరీ చీకటుండగానే లేస్తుంది. మొదటి రొట్టెలు అమ్ముడయ్యేసరికి క్లినిక్ తలుపు తెరుచుకుంటుంది. ఇంకాస్త పొద్దెక్కాక ఆఫీసు. ఆఫీసువాళ్ళు దీపాలార్పి దిగిపోయే వేళకి పైన ఇళ్ళలో దీపాలు వెలుగుతాయి. ఒకరి చప్పుడు ఇంకొకరి నిద్ర మీద పడకూడదు. కానీ మేడ మొత్తం ఒకేసారి నిద్రపోకూడదు. ఎప్పుడు చూసినా ఎక్కడో ఒక కిటికీ వెలుగుతూ ఉండాలి. ఇది తోచిన రోజున నేను వీధి వెంట ఆ చివరదాకా ఊరికే నడిచి వచ్చాను. లోపల పట్టలేనంత సంతోషం వేస్తే నేను చేసేది అంతే.

ఆ సంతోషంలోనే తెల్లపెట్టెల దగ్గరికొచ్చాను. వీధిలో ఇంకా సందడి ఉండగానే అన్నయ్య నిద్రపోతాడు. లోకం మంచి నిద్రలో ఉండగా లేస్తాడు. దీపం వెయ్యడు. చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ తడుముకుంటూ మెట్లదాకా పోతాడు. ఆ తడుముడు నా గది గోడ అవతలనుంచి వినిపిస్తుంది. వదిన పుస్తకం మూసేది వాడు పడుకున్న ఎంతోసేపటికి. ఇద్దరు మనుషులు, రెండు వేళలు. రెండు గుండ్రాలు గీశాను. ఒకదాన్లో 'పెందలాడే' అని, రెండోదాన్లో 'ఆలస్యంగా' అని రాశాను. మధ్యలో హాలు పెట్టాను.

కాగితం బల్ల మీద వదిలి స్నానానికెళ్ళాను. వచ్చేసరికి అన్నయ్య దాని మీదికి వంగి ఉన్నాడు. వాడి భుజం మీంచి వదిన చూస్తోంది.

"ఈ రెండూ ఏమిటే?"

"నువ్వూ, వదినా" అన్నాను తల తుడుచుకుంటూ.

అది నోరు జారడం కాదు. దూలం కొలిచేవాడు దూలం పొడవు చెప్పినట్టు చెప్పాను. నిద్ర చెడకుండా చూడడమే దయ అనుకున్నాను. ఒక్కత్తే పడుకునే మనిషికి నిద్ర ఒక్కటే కనిపిస్తుంది కాబోలు.

వేరే గది వదిన అడిగి గీయించుకుందని అన్నయ్య అనుకున్నాడు. అన్నయ్య చెప్పి గీయించాడని వదిన అనుకుంది. "నువ్వడిగావా?" అని ఒక్క మాట అడిగితే తేలిపోయేది. అడగరు. అవునంటే ఏమిటన్న భయం. ఎవరూ అడగలేదు, నేనే గీశాను అని విడివిడిగా ఇద్దరికీ చెప్పాను. నమ్మలేదు. పెళ్ళి కానిదానికి మొగుడూ పెళ్ళాల గురించి సొంతంగా ఏ ఆలోచనా రాదని వాళ్ళ నమ్మకం.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అంది అమ్మ ఆ రోజున నా కాగితం చూసి. వారంగా అదే మాట నా నెత్తిన తిరుగుతోంది.

ఇప్పుడు అమ్మ ఖాళీ కంచాలు ఒకదాని మీద ఒకటి పెడుతూ, గడ్డంతో మెట్లవైపు చూపించింది.

"వెళ్ళు. తపాలా పట్టుకెళ్ళు."

ఆదివారం మధ్యాహ్నం బేకరీ షట్టరు సగం దించి ఉంటుంది. వంగి లోపలికి వెళ్ళాను. పొయ్యి ఇనపతలుపు బార్లా తెరిచి, పొడుగు పిడి పారతో అన్నయ్య బూడిద లాగుతున్నాడు. ఇటుకలు ఇంకా చల్లారలేదు. ఆ వేడి మొహానికి తగిలితే నాకు ఎప్పుడూ ఆకలి వేస్తుంది, అప్పుడే తిని వచ్చినా సరే.

"ఏమే టేపూ, ఏం కొలవడానికొచ్చావ్?"

ఎప్పుడూ చేతిసంచిలో కొలతల టేపు పెట్టుకు తిరుగుతానని వాడు నాకు పెట్టిన పేరు అది.

"నీ మొహం ఎంత పొడుగు సాగిందో చూద్దామని."

నవ్వబోయి మింగేశాడు.

"వదిన ఫ్లాటు చూస్తుందట."

"విన్నాను."

"మరి ఏం చెయ్యబోతున్నావ్?"

"బూడిద తీస్తున్నాను. కనపడ్డం లేదా?"

పిండిబస్తా మీద కూర్చున్నాను. "నేనే గీశానన్నయ్యా. వదినకి ఏమీ తెలీదు."

"దాన్ని వెనకేసుకు రాకు. దానికి నిద్ర చాలదు, నాకు తెలుసు. కళ్ళ కింద ఎంత నల్లబడిందో చూస్తున్నాను. ఎప్పుడో నీ దగ్గర చెప్పుకుని ఉంటుంది. చెప్పుకుంటే తప్పేం లేదు. నాతో చెప్పుకుంటే బావుండేది, అంతే." పార కింద ఆనించాడు. "అడిగితే ఇచ్చేవాణ్ణి. గది ఎంత భాగ్యం?"

"అయితే అడక్కుండానే ఇచ్చెయ్యి."

"అడక్కుండా ఇస్తే పొమ్మన్నట్టుంటుందే."

ఈ మాటకి నా దగ్గర కొలత లేదు. ఒక గోడ అడిగితే కానుక, అడక్కపోతే వెలి. ఇన్నేళ్ళుగా గోడలు గీస్తున్నాను, ఈ సంగతి ఎక్కడా చదవలేదు.

అన్నయ్య చేతులు దులుపుకున్నాడు. వీధివైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఆ ఎర్ర పెన్సిలు పీకెయ్యి."

"ఏం?"

"గొట్టం అక్కర్లేదు. కరెంటు పొయ్యికి ఆర్డరిచ్చాను."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. "ఎప్పుడు?"

"మాటలాగిపోయిన మర్నాడు. నీ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు అది ఏమంది? 'నా క్లినిక్ గోడలోంచి పొగగొట్టమా? నోరు తిమ్మిరెక్కి పడుకున్నవాడికి వేడిరొట్టె వాసన చూపించడం కంటే పాపం ఉందా?' అంది. అందరం నవ్వాం. తర్వాత ఆలోచిస్తే, నిజమే కదా అనిపించింది."

"కట్టెలపొయ్యి రొట్టె కోసమే కదరా జనం ఊరు ఆ చివర్నుంచి వచ్చేది?"

"వస్తే వస్తారు. ఇదైతే మీట నొక్కితే చాలు. చీకట్లో లేచి రాజెయ్యక్కర్లేదు. నేనూ మనుషుల్లాగే తెల్లారాక లేస్తాను." పొయ్యి తలుపు దగ్గరికి వేశాడు. "అప్పుడు ఒక్క గది చాలు మాకు."

నేను లేచి నిలబడ్డాను. "మరి ఇంకా ఇక్కడేం చేస్తున్నావ్? పైకెళ్ళి చెప్పు!"

"ముందు అది మాట్లాడనీ. మాట్లాడించడానికి లంచం ఇచ్చినట్టు ఉండకూడదు."

"సాయంత్రం ఆ ఇంటాయనకి చెప్పేస్తుంది. అప్పుడు నీ పంతం పట్టుకుని వేలాడు."

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. చెప్పావంటే చూడు."

చెప్పనని నేను అనలేదు. చెబుతాననీ అనలేదు. షట్టరు కిందనుంచి వంగి బయటికొచ్చేటప్పుడు, నా బుర్రలో నడుస్తున్నది వాళ్ళ కాపురం కాదు, మేడ. మెట్లు, లిఫ్టు, నీళ్ళగొట్టాలు అన్నీ ఆ పొగగొట్టం చుట్టూనే కూర్చాను. అది తీసేస్తే వెన్నెముక పీకి నిలబడమన్నట్టే. అన్నయ్య ఇంత చేశాడన్న సంతోషం, నా బొమ్మ పాడైందన్న దిగులు, రెండూ ఒకే చోట కదులుతున్నాయి. ఏది పెద్దదో తేల్చుకోవాలంటే సిగ్గేసింది.

పైన అమ్మ నమూనా ముందు కుర్చీ లాక్కుని కూర్చుని ఉంది. నా ట్రేసింగు కాగితం ముక్కుకి దగ్గరగా పట్టుకుంది.

"నాకేం వేళ రాశావే ఇక్కడ?"

"'మధ్యాహ్నం'. నువ్వు కిటికీ దగ్గర కూర్చునేది అప్పుడేగా."

"అంటే మిగతా వేళల్లో నేను బతకనా?" కాగితం తిప్పింది. "ఈ చిన్న గుండ్రం నీదా? 'ఎప్పుడైనా' అనుంది."

"నా పనికి వేళ లేదుగా."

"ఎప్పుడైనా అంటే ఎప్పుడూ కాదనే." కాగితం బల్ల మీద పెట్టి, మూలలు అరచేత్తో సాపు చేసింది. "మీ నాన్నా నేనూ కూడా ఒకసారి చాలా రోజులు మాట్లాడుకోలేదు. ఎందుకో ఇప్పుడు గుర్తు లేదు. ఉన్నది ఒక్క గది, ఒక్క మంచం. చివరికి ఆయన అన్న మొదటి మాటేమిటో తెలుసా? 'కాస్త జరుగు.' "

"నువ్వేమన్నావ్?"

"ఏమంటాను, జరిగాను."

అమ్మ మొహంలో ఏదో చిన్న వెలుగు వచ్చి పోయింది. నేను గీసిన హాలు వాళ్ళకి ఉండి ఉంటే ఆ మాట పుట్టేది కాదన్నమాట. ఆ సంగతి అమ్మ పైకి అనలేదు. అనక్కర్లేదని ఆవిడకి తెలుసు.

వదిన గది తలుపు తట్టాను.

"తెరిచే ఉంది."

మంచం మీద కాళ్ళు ముడుచుకు కూర్చుని, అన్నయ్య చొక్కాకి గుండీ కుడుతోంది. నేను చొక్కావైపు చూడడం చూసి, "గుండీకీ నాకూ తగువు లేదులే" అంది. "కూర్చో. ఇలా మొహం వేలాడేసుకుని నా దగ్గరికొచ్చేవాళ్ళకి ఎక్కడో ఒక పన్ను పుచ్చి ఉంటుంది. చెప్పు, ఏది?"

"ఆ రెండు గుండ్రాలూ వదినా..."

"నువ్వే గీశావు. తెలుసు."

"తెలుసా?"

"రెండ్రోజులు మీ అన్నయ్యే చెప్పారనుకున్నాను. తర్వాత మళ్ళీ చూశాను. 'ఆలస్యంగా' అని రాసి ఉంది. నా నిద్ర గురించి మీ అన్నయ్య అంత మర్యాదగా అనరు. 'కోట్లాది నక్షత్రాలు లెక్కపెట్టి పడుకుంటుంది' అంటారు."

"మరి తెలిశాక కూడా ఈ మూగనోము ఏమిటి? కోపం ఎవరి మీద?"

వదిన దారం పళ్ళతో తెంపింది. పేషెంట్లకి వద్దని చెప్పే పని అది.

"ఆ గది బావుంది కనక" అంది.

నేను మంచం అంచున కూర్చున్నాను.

"కాగితం మీద చూడగానే ప్రాణానికి హాయిగా అనిపించింది. తలుపు మూసుకుని, ఎంతసేపు కావాలంటే అంతసేపు దీపం పెట్టుకుని, తెల్లారేదాకా ఒళ్ళు తెలీకుండా పడుకోవచ్చు అనుకున్నాను. అనుకున్న మరుక్షణం మీ అన్నయ్య మొహంలోకి చూశాను. ఆయనకీ అదే హాయి కలిగిందేమోనని. కలిగినట్టే కనపడింది."

"కనపడిందా, కనపడినట్టు అనిపించిందా?"

"పెళ్ళయ్యాక ఆ రెండూ ఒకటే." చొక్కా మడత పెట్టి మోకాళ్ళ మీద ఉంచుకుంది. "నాకు కావాలనిపించినందుకు నా మీద నాకు కోపం. ఆయనకీ కావాలనిపించిందని ఆయన మీద కోపం. ఇందులో నీ తప్పు గుండ్రం గీసినంతే."

నాలుక చివరిదాకా వచ్చింది: కరెంటు పొయ్యి, ఒక్క గది, మీట నొక్కితే చాలు. రెండు వాక్యాల్లో అయిపోయే పని. కానీ అవి నా వాక్యాలు కావు. వారం కిందట వాళ్ళు చెప్పుకోని మాటనే నేను గీసిపెట్టాను. ఇంకో మాట కూడా వాళ్ళ తరఫున నేనే చెప్పేస్తే, రేపటినుంచి ఈ ఇంట్లో మాటలన్నీ నా మీదుగానే నడవాలి.

"నీకు నిద్ర పట్టాలనే వదినా, నేను..."

"అదే నీకు తెలీనిది. నాకు నిద్ర చెడేది ఆయన లేచి వెళ్ళినందుకు కాదు." అక్కడితో ఆపేసింది. చొక్కా పక్కన పెట్టి లేచింది. "రా, ఆ బొమ్మ చూపించు. నా గది ఎక్కడుందో సరిగ్గా చూడలేదు. కోపంలో చూశాను."

మేం హాల్లోకి వచ్చేసరికి అన్నయ్య కిందినుంచి వచ్చి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. వదిన వాణ్ణి చూడనట్టే చూసింది. పడమటి ఎండ కిటికీలోంచి నమూనా మీద పడుతోంది. అట్టమేడ నీడ అట్టవీధి దాటి, బల్ల అంచుదాకా సాగింది.

"ఇందులో నాది ఏది?"

చూపించాను. తెల్లపెట్టెల్లో వీధికి దూరంగా, వెనకవైపు ఉన్నది.

"ఇంత దూరమా?"

"బేకరీ చప్పుడు రాకూడదని."

"అదే" అంది వదిన. ఎందుకన్నదో అప్పుడు అర్థం కాలేదు. వేళ్ళతో ఎర్ర పెన్సిలు పట్టుకుని పైకి లాగేసింది.

తుండుగుడ్డలో అన్నయ్య చేతులు ఆగిపోయాయి.

పీకేసిందంటే ఇక వద్దనే కదా అనుకున్నాను. వద్దంటే అన్నీ కలిసొస్తాయి. అన్నయ్య నోరు విప్పడమే తరువాయి. నాకు ఊపిరి తేలికైంది.

వదిన నమూనాని తనవైపు తిప్పుకుంది. పెన్సిలు మొనని బేకరీ వెనకమూల ఆనించి, నీలంపెట్టెలోంచి, బూడిదరంగులోంచి గుచ్చుకుంటూ పైకి తెచ్చింది. తన గది గోడ దగ్గర అట్ట గట్టిగా ఉంది. రెండో చెయ్యి కూడా వేసి నొక్కింది. చిరుగు చప్పుడుతో పెన్సిలు పైకి పొడుచుకొచ్చింది.

"గొట్టం ఇలా పోవాలి."

"నీ క్లినిక్‌లోంచి వద్దన్నావు కదమ్మాయ్?" అంది అమ్మ.

"వాసనేగా అత్తయ్యా, పోతే పోనీండి. పళ్ళు బాగుపడ్డాక తినాలన్న ఆశ కూడా ఉండాలిగా. పైన మాత్రం నా గది గోడలోంచి పోవాలి." నావైపు తిరిగింది. కళ్ళు నా మీదే ఉన్నాయి కానీ, మాట నాది కాదు. "మీ అన్నయ్యకి చెప్పు. ఆయన లేచి వెళ్ళాక నేను పడుకోను. కింద ఆ పొయ్యి ఇనపతలుపు చప్పుడయ్యేదాకా కళ్ళు తెరుచుకునే ఉంటాను. ఒక్క మనిషి చీకట్లో నిప్పు రాజేసుకుంటుంటే, పైన నిద్ర ఎలా పడుతుంది? ఆ చప్పుడయ్యాకే నాకు తెల్లారినట్టు. అప్పుడు పడుకుంటాను. కొత్త మేడలో అంత ఎత్తుకి చప్పుడు రాదు. గోడ వెచ్చబడితే చాలు. చెయ్యి ఆనించి చూసుకుంటాను, వెలిగింది, బాగానే ఉన్నారు అని. అలాగైతే రెండు గదులైనా నాకు సమ్మతమే. ఆ గోడ లేకపోతే ఒక్క గదైనా వద్దు. ఆ ఫ్లాటులోనే ఉంటాను. అక్కడైతే ఏ చప్పుడు కోసమూ ఎదురుచూడక్కర్లేదు."

వారంలో వదిన మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఇన్ని ఉండవు.

"చెప్పవేమే, తపాలా?" అంది అమ్మ మెల్లిగా.

నేను అన్నయ్యవైపు తిరిగాను. అన్నయ్య నావైపు చూశాడు, చెప్పేశావా అన్నట్టు. లేదని తల ఊపాను. వాడి చూపు పెన్సిలు మీదికి పోయింది. అక్కడినుంచి వదిన పాదాల దగ్గరికి. ఇన్నేళ్ళు దీపం వెయ్యకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి నడిచింది మేలుకుని ఉన్న మనిషి పక్కనుంచి అని వాడికి ఇప్పుడే తెలుస్తోంది. అది తెలియడం నేను చూశాను. ఏడవడానికి ముందూ నవ్వడానికి ముందూ మనిషి మొహం ఒకేలా ఉంటుంది.

ఆ నిప్పునే వాడు ఆర్పేయబోతున్నాడు. ఆవిడ కోసమే.

కిటికీ గట్టు మీద వదిన ఫోను మోగింది.

"ఇంటాయన" అంది వదిన, తెర చూసి. సాయంత్రం ఇంకా కాలేదు. ఆయనకి తొందర కాబోలు. ఆవిడ చూపు ఎప్పటిలా నా దగ్గరికి రాలేదు. తిన్నగా అన్నయ్య మీదికి వెళ్ళింది. ఫోను ఇంకా మోగుతోంది. ఆవిడ బొటనవేలు తెర మీద జరిగింది. మోత ఆగింది. ఫోను చెవి దగ్గరికి ఎత్తుతోంది.

"ఒక్క నిమిషం" అన్నాడు అన్నయ్య.

ఆ మాట నా మీదుగా రాలేదు. బల్లకి అడ్డంగా, తిన్నగా వెళ్ళి వదినని తాకింది. అమ్మ కాలితో కుర్చీని కొంచెం ముందుకి తోసింది.

"కూర్చో" అన్నాడు వాడు. తుండుగుడ్డ ఇంకా రెండు చేతుల్లో నలుగుతోంది. "ఆయనకి ఏం చెప్పినా తర్వాత చెబుదువు. ముందు నీతో ఒక మాట చెప్పాలి. పొయ్యి గురించి."

వదిన కూర్చోలేదు. ఫోను చెవికి ఆనించలేదు, ఆపనూ లేదు. చెవికి సగం దూరంలో, ఎత్తినది ఎత్తినట్టే పట్టుకుని అన్నయ్యనే చూస్తోంది.

"హలో" అంటోంది ఫోను. "డాక్టరుగారూ? హలో? ఏం నిర్ణయించారు?"